ఫ్లెక్సీకి బదులేమిటి? గ్రాఫిక్ డిజైన్‌లో పర్యావరణ బాధ్యతపై సాగుతున్న చర్చ

గ్రాఫిక్ డిజైనర్ కంప్యూటరు మీద చేసే పని చివరికి ఏదో ఒక వస్తువై బయటికొస్తుంది. కరపత్రం, పుస్తకం అట్ట, మందు పెట్టె, నీళ్ల సీసా లేబులు, కూడలిలో కట్టే ఫ్లెక్సీ, ఫోనులో తెరుచుకునే పేజీ. వీటిలో చాలావాటికి ఆయుష్షు తక్కువ. పుట్టినరోజు ఫ్లెక్సీ ఆ రోజు దాటితే ఎవరికీ అక్కర్లేదు. దాని పీవీసీ మాత్రం కట్టించుకున్నవారి మనవల కాలానికీ మట్టిలోనే ఉంటుంది.

అలా మిగిలిపోయేదానికి బాధ్యత ఎవరిదన్న ప్రశ్న ఈ వృత్తిలో యాభై ఏళ్లకు పైగా నలుగుతోంది. ఇప్పుడది బాగా చిక్కుపడింది. కాగితం మానేసి తెరకు మారమని కొందరంటారు. తెర వెనక సర్వర్లు తాగే కరెంటు సంగతేమిటని మరికొందరు అడుగుతారు. మంచి సిరా, మంచి కాగితం వాడితే చాలని ఒక వర్గం వాదిస్తుంది. చెడ్డ కంపెనీకి మంచి కాగితం మీద ప్రకటన వేస్తే ఒరిగేదేమిటని ఇంకో వర్గం నిలదీస్తుంది. అందరి దగ్గరా లెక్కలున్నాయి. అయితే ఒకరు కొలిచేదాన్ని మరొకరు కొలవరు. ఒకరిది చెట్ల లెక్క, ఒకరిది కిలోవాట్ల లెక్క, ఒకరిది మనస్సాక్షి లెక్క. ఎన్ని ప్రతులు, ఎన్నాళ్ల కోసం అన్న లెక్కను మాత్రం దాదాపు అందరూ చివరికి నెట్టేస్తున్నారు. ఈ వ్యాసం వాదాలన్నిటినీ ఆ కోణం నుంచి తూచి చూస్తుంది.

చర్చ మొదలైన తీరు

1963 నవంబరులో లండన్‌లో జరిగిన ఒక సమావేశంలో కెన్ గార్లండ్ అనే బ్రిటిష్ డిజైనర్ ఒక ప్రకటన చదివాడు. 1964 జనవరిలో అది 400 ప్రతులు అచ్చయింది. దాని పేరు ‘ఫస్ట్ థింగ్స్ ఫస్ట్’. గార్లండ్‌తో కలిపి 22 మంది సంతకాలు చేశారు. అందులో ప్రధాన విషయం పర్యావరణం కాదు. అక్కరకు రాని సరుకులు అమ్మిపెట్టడానికే తమ ప్రతిభ అంతా ఖర్చైపోతోందని, విద్యకు, ప్రజా సమాచారానికి, మార్గసూచికలకు అది ఉపయోగపడాలని వాళ్ల బాధ. ఏం చేస్తున్నాం, ఎవరి కోసం చేస్తున్నాం అన్న ప్రశ్నను వృత్తి ముందు సూటిగా పెట్టిన తొలి పత్రాల్లో ఇదొకటి.

ఆ ప్రశ్నకు పర్యావరణాన్ని గట్టిగా ముడివేసినవాడు డిజైనర్ విక్టర్ పపానెక్. 1971లో ఇంగ్లీషులో వచ్చిన ‘డిజైన్ ఫర్ ది రియల్ వరల్డ్’లో ఆయన తన వృత్తినే బోనెక్కించాడు. పారేయడానికే వస్తువులు తయారుచేసే పద్ధతిలో డిజైనర్ అమాయకుడు కాడని, ప్రకటనల డిజైన్ అంతకంటే దారుణమని ఆయన వాదించాడు. తోటి డిజైనర్లు చాలామంది అప్పట్లో ఆయన మీద మండిపడ్డారు.

1999లో గార్లండ్ ప్రకటనను కొత్తగా రాసి, ‘ఫస్ట్ థింగ్స్ ఫస్ట్ 2000’ పేరుతో, 33 మంది సంతకాలతో పలు డిజైన్ పత్రికలు ప్రచురించాయి. ఈసారి ఎదురుదాడి లోపలి నుంచే వచ్చింది. సంతకం చేసినవాళ్లలో ఎక్కువమందికి మ్యూజియంలు, ప్రచురణ సంస్థల పని దొరుకుతుందనీ, మార్కెట్లో బతికే మామూలు డిజైనర్‌కు ఆ వెసులుబాటు లేదనీ డిజైనర్ మైకేల్ బీరుట్ వంటివారు ఎత్తిచూపారు. తెనాలిలోనో కరీంనగర్‌లోనో డీటీపీ సెంటర్ నడిపేవారి వైపు నుంచి చూస్తే ఈ ఆక్షేపణకు ఇప్పటికీ బలం ఉంది.

మూడు బాణాల గుర్తు

ఈ చర్చలో గ్రాఫిక్ డిజైన్ ఇచ్చిన అతి గొప్ప వస్తువు, అతి ఎక్కువ గందరగోళం తెచ్చిన వస్తువు ఒకటే. అది రీసైక్లింగ్ గుర్తు. 1970లో అమెరికాలోని ఒక అట్టపెట్టెల కంపెనీ, కంటెయినర్ కార్పొరేషన్ ఆఫ్ అమెరికా, విద్యార్థులకు పోటీ పెట్టింది. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదువుతున్న గ్యారీ ఆండర్సన్ గీసిన మూడు మడతల బాణాలు గెలిచాయి. అప్పటికి ఆయన వయసు 23. ఆ గుర్తును ఎవరైనా వాడుకునేలా వదిలేశారు.

1988లో అమెరికా ప్లాస్టిక్ పరిశ్రమ సంఘం ప్లాస్టిక్ రకాన్ని సూచించే 1 నుంచి 7 వరకు అంకెలను దాదాపు అలాంటి బాణాల త్రిభుజంలోనే పెట్టింది. అంకె చెప్పేది అది ఏ రకం ప్లాస్టిక్ అన్నది మాత్రమే. చూసేవాళ్లు మాత్రం ఇది రీసైకిల్ అవుతుందని అర్థం చేసుకున్నారు. 2013లో ప్రమాణాల సంస్థ బాణాలు తీసేసి ఉత్త త్రిభుజం పెట్టింది. 2021లో కాలిఫోర్నియా, నిజంగా రీసైకిల్ కాని వస్తువుల మీద ఆ బాణాలు వేయకుండా చట్టం చేసింది. ఒక చక్కటి గుర్తును తప్పుచోట వాడితే కలిగే నష్టాన్ని సరిచేయడం మొదలుపెట్టడానికే పాతికేళ్లు పట్టింది. తర్వాత వచ్చిన వాదాలను చదివేటప్పుడు దీన్ని మనసులో ఉంచుకోవాలి. పని ఏ పదార్థం మీద అచ్చయిందన్న దానితోపాటు, ఆ పని ఏం నమ్మిస్తోందన్న దానికీ డిజైనర్ జవాబుదారే.

పదార్థం మార్చాలనే వాదం

అన్నిటికంటే ఎక్కువ అనుచరులున్న వాదం ఇది. 1993లో ఏర్పడిన ఎఫ్‌ఎస్‌సీ (ఫారెస్ట్ స్టూవార్డ్‌షిప్ కౌన్సిల్) ధ్రువీకరణ ఉన్న కాగితం వాడాలి, పెట్రోలియం సిరాల బదులు వృక్షతైలాల సిరాలు వాడాలి, అట్టలకు ప్లాస్టిక్ లామినేషన్ మానాలి. సోయా సిరా 1980లలో అమెరికా దినపత్రికల నుంచి వచ్చింది. 1970ల చమురు సంక్షోభం దానికి ప్రేరణ. దాని వల్ల గాలిలో కలిసే ఆవిర్లు తగ్గుతాయి, వాడేసిన కాగితం నుంచి సిరా తేలిగ్గా వదులుతుంది. కానీ డబ్బా మీద సోయా ముద్ర ఉన్నంతమాత్రాన సిరా అంతా సోయా కాదు. రంగుపొడి, రెజిన్లు ఎప్పటివే.

కాగితం విషయంలో తెలుగు పాఠకులు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. మన పుస్తకాలకు అడవులు కొట్టేస్తున్నారన్న బాధ చాలామందిలో ఉంది. అయితే భద్రాచలం దగ్గర సారపాకలోని ఐటీసీ మిల్లు గానీ, రాజమహేంద్రవరంలోని ఆంధ్రా పేపర్ గానీ ఎక్కువగా ఆధారపడేది రైతులు పొలాల్లో పెంచే సుబాబుల్, సరుగుడు, జామాయిల్ మీద. కృష్ణా, ప్రకాశం ప్రాంతాల్లో సుబాబుల్ ధర పడిపోతే రైతులు రోడ్డెక్కిన సందర్భాలున్నాయి. అంటే ఇక్కడి కాగితం ప్రశ్న అడవి ప్రశ్నగా మిగల్లేదు. నీళ్లు, గుజ్జును తెల్లబరిచే రసాయనాలు, రైతుకు గిట్టుబాటు ధర, ఇవన్నీ కలిసిన ప్రశ్న అయింది. ‘చెట్లను కాపాడండి, ప్రింటు తీయకండి’ అన్న ఒక్క ముక్క ఇంత సంగతిని మోయలేదు.

ఈ వాదానికి బలం, ఇందులో చేయదగ్గ పని స్పష్టంగా ఉండటం. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో శుభలేఖ ఎంచుకునేవారికి బంగారు రేకు అచ్చు, వెల్వెట్ లామినేషన్ లేని కార్డు చూపించడానికి ఏ సిద్ధాంతమూ అక్కర్లేదు. బలహీనత కూడా అందులోనే ఉంది. పదార్థం మార్చినప్పుడు ఎవరి వ్యాపారమూ తగ్గదు. అచ్చు వేసేవాడు, వేయించుకునేవాడు, డిజైన్ చేసేవాడు ముగ్గురూ సంతోషంగానే ఉంటారు. ఈ వాదానికున్న ఆదరణలో ఆ సౌకర్యానికీ వాటా ఉంది.

పొదుపు వాదం

రెండో వర్గం తక్కువతో పని జరిపించాలంటుంది. 2008లో నెదర్లాండ్స్‌లో అక్షరాల లోపల చిన్నచిన్న రంధ్రాలు పెట్టిన ‘ఎకోఫాంట్’ వచ్చింది. 2014లో అమెరికాలో ఒక పద్నాలుగేళ్ల బడి కుర్రాడు గారమండ్ ఫాంటుకు మారితే సిరా 24 శాతం మిగులుతుందనీ, ప్రభుత్వాలకు కోట్ల డాలర్లు ఆదా అవుతాయనీ లెక్కగట్టి ప్రపంచమంతా వార్తయ్యాడు. అక్షరశిల్పులు వెంటనే ఒక లోపం పట్టుకున్నారు. ఒకే పాయింట్ సైజులో గారమండ్ అక్షరాలు మిగతావాటికంటే చిన్నగా కనిపిస్తాయి. చదవడానికి వీలుగా పెంచితే ఆదా చాలావరకు ఆవిరవుతుంది. 2010లో విస్కాన్సిన్‌లోని గ్రీన్‌బే విశ్వవిద్యాలయం ఏరియల్ నుంచి సెంచరీ గోథిక్‌కు మారినప్పుడూ ఇలాంటి చిక్కే వచ్చింది. దానికి సిరా తక్కువే పడుతుంది గానీ అక్షరాలు వెడల్పు, కాబట్టి కాగితం ఎక్కువ పడుతుంది.

తెలుగులో ఈ దారి ఇంకా ఇరుకు. పైన గుణింతాలకు, కింద ఒత్తులకు చోటు విడవాలి కాబట్టి, అదే పాయింట్ సైజులో తెలుగు అక్షరం అసలు ఒడ్డు చిన్నదవుతుంది. పంక్తుల మధ్య ఎడం తగ్గిస్తే ఒత్తులు కింది పంక్తి గుడులను గుద్దుకుంటాయి. ముసలివాళ్లు చదవలేని పుస్తకం ఎంత కాగితం మిగిల్చినా అది దుబారానే.

నిజమైన పొదుపు మన అచ్చాఫీసుల్లో ఎప్పటినుంచో ఉంది. డెమ్మీ షీటును ఎనిమిదో వంతుగా మడిచే సైజులో పుస్తకం వేస్తే అంచుల్లో తరుగు పోదు. కొత్తదనం కోసం అడ్డదిడ్డమైన సైజు ఎంచుకుంటే కత్తిరింపు ముక్కలు బుట్టలకొద్దీ పోతాయి. అంతకంటే పెద్ద తరుగు ప్రతుల సంఖ్యలో ఉంది. ఆఫ్‌సెట్‌లో ప్లేటు, మిషన్ సర్దుబాటు ఖర్చు మొదటి ప్రతికే పడిపోతుంది. ఆపైన పెరిగేది దాదాపు కాగితం ఖర్చే. అందుకే 500 కరపత్రాలు కావలసినవాళ్లు 2000 వేయిస్తారు. మిగతావి ఆఫీసు మూలన కట్టలుగా ఉండి తూకానికి పోతాయి. సిరాలో శాతాలు లెక్కపెట్టే వ్యాసాలు ఎన్నో వచ్చాయి. ఈ కట్టల గురించి రాసినవి తక్కువ.

ప్యాకింగ్‌లో కొన్ని కంపెనీలు ఒక అడుగు ముందుకు వేశాయి. దక్షిణ కొరియాలో, జపాన్‌లో లేబులే లేని నీళ్ల సీసాలు వచ్చాయి. 2022లో స్ప్రైట్ తన ఆకుపచ్చ సీసాను ఉత్తర అమెరికాలో రంగులేనిదిగా మార్చింది. రంగు ప్లాస్టిక్ మళ్లీ సీసాగా మారడం అరుదు, రంగులేనిది మారగలదు. దశాబ్దాలుగా బ్రాండుకు గుర్తుగా ఉన్న రంగును వదులుకోవడం చిన్న నిర్ణయం కాదు.

తెర మీదకు మారితే

కాగితం మానేసి వాట్సాప్‌లో శుభలేఖ పంపితే భారం తగ్గుతుందా? ఒక్క కార్డును ఒక్క చిత్రంతో పోల్చితే తగ్గుతుందనే చెప్పాలి. ఆపైన లెక్కలు జారుడుబండల మీద ఉన్నాయి. అరగంట ఆన్‌లైన్ వీడియో చూస్తే 1.6 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుందన్న అంకె 2019లో పత్రికల్లో తిరిగింది. ఫ్రాన్స్‌కు చెందిన షిఫ్ట్ ప్రాజెక్ట్ లెక్కల నుంచి వచ్చిన అంకె అది. 2020లో అంతర్జాతీయ ఇంధన సంస్థ దాన్ని తప్పుబట్టింది. దాని సవరించిన అంచనా గంటకు సుమారు 36 గ్రాములు. బిట్‌కూ బైట్‌కూ మధ్య పొరపాటుతో ఒక అంకె ఎనిమిది రెట్లు పెరిగిందని షిఫ్ట్ ప్రాజెక్ట్ ఒప్పుకుంది. తెర వైపు వాదించేవాళ్లూ వ్యతిరేకించేవాళ్లూ ఇలాంటి అంకెల మీద ఇంతకాలం పోట్లాడుకున్నారు.

ఈ రంగంలో ఆలోచింపజేసే ప్రయోగం ‘లో-టెక్ మ్యాగజీన్’ది. 2018 నుంచి దాని వెబ్ పత్రిక ఒకటి బార్సిలోనాలో ఒక బాల్కనీ మీది సౌరఫలకంతో నడుస్తోంది. బొమ్మలను చుక్కలుగా కుదించి బరువు తగ్గించారు. మబ్బు పట్టి బ్యాటరీ అయిపోతే పత్రిక ఆగిపోతుంది. తెర నేపథ్యాన్ని నల్లగా మార్చే డార్క్ మోడ్ మీద మాత్రం ప్రచారం ఎక్కువ, ఫలం తక్కువ. 2021లో పర్డ్యూ విశ్వవిద్యాలయం కొలిచినప్పుడు, ఓలెడ్ తెర ఉన్న ఫోన్లలో మామూలు వెలుగు స్థాయి దగ్గర ఆదా 3 నుంచి 9 శాతమే. పాత ఎల్‌సీడీ తెరల్లో అదీ లేదు.

ఎవరి పని చేస్తున్నాం అనే వాదం

గార్లండ్ వారసులు ఈ వర్గంలో ఉన్నారు. వీళ్లు చూపే ఉదాహరణ బ్రిటిష్ పెట్రోలియం. 2000లో ఆ చమురు కంపెనీ ఆకుపచ్చ, పసుపు రేకులు విచ్చుకున్న సూర్యుడి గుర్తును తెచ్చుకుంది. లాండర్ సంస్థ రూపొందించిన ఆ గుర్తు డిజైన్‌గా చాలా బాగుంటుంది. పదేళ్ల తర్వాత గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ పేలి, చమురు సముద్రంలోకి పారినప్పుడు, అదే గుర్తును చమురు కార్చే పువ్వులా మార్చి గీసినవాళ్లు వేలల్లో తేలారు. 2020లో మొదలైన ‘క్లీన్ క్రియేటివ్స్’ ప్రచారం, శిలాజ ఇంధన కంపెనీలకు పనిచేయబోమని ఏజెన్సీల చేత మాట తీసుకుంటోంది. 2024 జూన్‌లో ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ఆంటోనియో గుటెరస్ ప్రకటనల సంస్థలను సూటిగా ఇదే కోరారు.

ఇందులో కొంత భాగాన్ని చట్టం అందుకుంది. పచ్చదనం పేరుతో చేసే తప్పుదోవ ప్రకటనలపై భారత వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు జారీచేసింది. ‘పర్యావరణహితం’ వంటి గాలి మాటలకు ఇక రుజువు చూపాలి. యూరోపియన్ యూనియన్ ఇలాంటి నియమాలకే 2026 సెప్టెంబరు 27ను అమలు తేదీగా పెట్టుకుంది. గోధుమరంగు క్రాఫ్ట్ కాగితం, మూలన ఒక ఆకు బొమ్మ, చేతిరాత ఫాంటు అనే మూసకు అలవాటుపడిన డిజైనర్లకు ఇది మంచి హెచ్చరిక.

ఫ్లెక్సీ దగ్గర పరీక్ష

ఈ వాదాల బలాబలాలు తేలే చోటు మనకు ఊరూరా ఉంది. 2000 తర్వాత పెద్ద సైజు డిజిటల్ ప్రింటింగ్ మిషన్లు రాకముందు, బ్యానరు అంటే గుడ్డ మీద కుంచెతో రాసింది. ఆర్టిస్టుకు సమయం పట్టేది, అక్షరాలు ఎక్కువైతే కూలి పెరిగేది. అందుకే ముఖ్యమైన సందర్భానికే బ్యానరు కట్టేవారు. ఫ్లెక్సీ ఆ లెక్క మార్చేసింది. పాలిస్టర్ దారాల వలకు రెండువైపులా పీవీసీ పూత, దానిమీద సాల్వెంట్ సిరా, ధర చదరపు అడుగుకింత. ఫైలు ఇస్తే గంటల్లో చేతికొస్తుంది. రంగుల ఫొటోలు ఎన్ని పెట్టినా రేటు అదే. పీవీసీ బరువులో సగానికి పైగా క్లోరిన్. చెత్తకుప్పలో తగలబెడితే డయాక్సిన్ల వంటి విషాలు పుడతాయి. రెండు ప్లాస్టిక్‌లు అతుక్కుని ఉండటంతో రీసైక్లింగ్ కూడా కష్టం.

దేశంలో 2022 జూలై 1 నుంచి 100 మైక్రాన్ల కంటే పలచని ప్లాస్టిక్, పీవీసీ బ్యానర్ల మీద నిషేధం ఉంది. ఆ మందం దాటిన ఫ్లెక్సీకి అది వర్తించదు. కేరళ 2019లోనే పీవీసీ ఫ్లెక్స్‌ను నిషేధించింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఆగస్టు 26న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి విశాఖపట్నంలో నిషేధం ప్రకటించారు. నవంబరు 1 అన్న అమలు తేదీ 2023 జనవరి 26కు జరిగింది. ఇవాళ ఏ పట్టణంలో కూడలి చూసినా, నిషేధ ప్రకటనకూ వీధికీ మధ్య దూరం తెలుస్తుంది.

బదులుగా గుడ్డ వాడమన్నారు. ఇక్కడే పదార్థ వాదం తడబడుతుంది. గుడ్డ మీద మెరిసే రంగులిచ్చే సబ్లిమేషన్ ముద్రణ పాలిస్టర్ మీదే పట్టుకుంటుంది, నూలు మీద పట్టుకోదు. అలాంటి గుడ్డ బ్యానరు పీవీసీ లేని ప్లాస్టిక్ బ్యానరు. అది కొంత మేలే, కానీ చెబుతున్నంత మేలు కాదు. నిజంగా నూలే వాడితే పత్తి సాగుకయ్యే నీళ్లు, ఎరువులు లెక్కలోకి వస్తాయి. సంచుల మీద బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ప్రచురించిన అధ్యయనం, ఒక్కసారే వాడిన పలచని ప్లాస్టిక్ సంచితో వాతావరణ భారంలో సమానం కావాలంటే నూలు సంచిని 131 సార్లు వాడాలని తేల్చింది. బ్యానరుకు ఇదే అంకె వర్తించదు గానీ తర్కం వర్తిస్తుంది. ఒక్కరోజు కట్టి దించే నూలు బ్యానరును గొప్పగా సమర్థించలేం.

మళ్లీ మళ్లీ కట్టగలిగితే కథ మారుతుంది. వినాయక చవితి మండపం బ్యానరు మీద సంవత్సరం వేయకపోతే వచ్చే ఏడాదీ పనికొస్తుంది. బడి వార్షికోత్సవం బ్యానరులో మారే ముక్క, అంటే తేదీ, ముఖ్య అతిథి పేరు, విడిగా కుట్టే పట్టీ మీద ఉంటే మిగతాది ఏళ్లకొద్దీ నిలుస్తుంది. ఇది పూర్తిగా డిజైన్ నిర్ణయం. ఏ చట్టమూ దీన్ని రాయలేదు, ఏ సిరా కంపెనీ అమ్మలేదు.

ఇంకా లోతైన అడ్డంకి సామాజికమైనది. మన ఫ్లెక్సీ సమాచారం కోసం కట్టేది కాదు. పైన పెద్ద నాయకుడు, పక్కన స్థానిక నాయకుడు, కింద వరసగా స్టాంపు సైజు ఫొటోల్లో ‘శుభాకాంక్షలతో’ అంటూ కుర్రాళ్లు. ఫొటో తీసేస్తే ఆ కుర్రాడు నొచ్చుకుంటాడు, పెట్టాలంటే సైజు పెరుగుతుంది. ఒకరు కడితే ఎదుటివర్గం రెండు కడుతుంది. ఆ పోటీని పర్యావరణ పదజాలంతో గెలవలేం. పరపతిని చూపించుకోవడానికి మన్నికైన మరో రూపం ఇవ్వగలగాలి. వీధికొక శాశ్వత బోర్డు పెట్టి, దాని మీద కాగితం అతికించే ఏర్పాటు చేస్తే ఒక్క ఊళ్లోనే ఎంతో పీవీసీ తగ్గుతుంది. నా ఉద్దేశంలో తెలుగు డిజైనర్లు బుర్ర పెట్టాల్సిన మొదటి సమస్య ఇది.

దించిన ఫ్లెక్సీ గుడిసె మీద కప్పవుతుంది, తోపుడు బండికి నీడవుతుంది, ధాన్యం కుప్పకు పట్టా అవుతుంది. పేదవాళ్లు చేసే ఈ పునర్వినియోగాన్ని తక్కువ చేయకూడదు. అయితే ఎండకు పెళుసై పొరలు రాలే ఆ పీవీసీ చివరికి చేరేది వాళ్ల ఇంటి చుట్టూ ఉన్న నేలలోకే.

పక్కపక్కన పెట్టి చూస్తే

పదార్థ వాదం రేపటి ఆర్డరుకే పనికొస్తుంది. పరిమాణాన్ని మాత్రం ముట్టుకోదు. పొదుపు వాదం ఫాంటుల దగ్గర ఆగితే అల్పం, ప్రతుల సంఖ్య, షీటు సైజు దాకా వెళ్తే చాలా బలమైంది. తెర వాదం కొన్ని పనులకు సబబే, కానీ దాని అంకెలు ఇంకా కుదురుకోలేదు. కరెంటు తాగే ఎల్‌ఈడీ హోర్డింగులను కూడా అదే పద్దులో మంచిగా రాసేసే ప్రమాదం ఉంది. క్లయింటును తిరస్కరించాలనే వాదం నైతికంగా అన్నిటికంటే స్పష్టమైనది, నిలదొక్కుకున్నవాళ్లకే అందుబాటులో ఉన్నది. అందుకే దాన్ని చట్టం ద్వారా అందరికీ వర్తింపజేయడం న్యాయం.

తేలనివి

కొలత తేలలేదు. ఒక ఫ్లెక్సీ, ఒక పాలిస్టర్ బ్యానరు, ఒక నూలు బ్యానరు, ఒక ఎల్‌ఈడీ బోర్డు, వీటిని మన కరెంటు, మన పత్తి, మన చెత్త సేకరణ పద్ధతుల ఆధారంగా పోల్చి చూసే లెక్క కావాలి. యూరప్‌లో గట్టిగా నిలిచిన అంకె ఇక్కడ నిలవకపోవచ్చు. కృత్రిమ మేధతో చిత్రాలు చేయించడం ఈ లెక్కను ఇంకా కదిలిస్తోంది. చిత్రం తయారీకి పాఠ్యం తయారీ కంటే ఎన్నో రెట్లు కరెంటు పడుతుందని ఇప్పటికి కొలిచినవాళ్లు చెబుతున్నారు. ఒక్క పోస్టరుకు యాభై నమూనాలు అడిగే అలవాటు ఇప్పుడిప్పుడే మొదలవుతోంది.

ఉపాధి తేలలేదు. ఫ్లెక్సీ వచ్చినప్పుడు కుంచె పట్టిన బ్యానరు ఆర్టిస్టులు పని కోల్పోయారు, వాళ్లకెవరూ గడువివ్వలేదు. ఇప్పుడు నిషేధం పెడితే అప్పుచేసి మిషన్ కొన్న చిన్న ప్రింటరు నష్టపోతాడు. మార్పు ఖర్చు మళ్లీ అడుగున ఉన్నవాడే భరించాలా అన్నదానికి జవాబు లేకుండా చేసే నిషేధాలు ఇలాగే వాయిదా పడుతుంటాయి.

అన్నిటికంటే మొండిది కూలి ప్రశ్న. ఫ్లెక్సీ దుకాణాల్లో చాలాచోట్ల డిజైన్‌కు విడిగా డబ్బులుండవు. డబ్బు చదరపు అడుగుల్లోనే ఉంటుంది. కరపత్రాల ప్రెస్సులోనూ లాభం ప్రతుల సంఖ్యలోనే. ‘ఇంత పెద్దది అక్కర్లేదండీ, రెండు చాలు, తేదీ వేయకండి’ అని సలహా ఇచ్చే డిజైనర్ ఆ మాటతో తన ఆదాయాన్నే కోసుకుంటున్నాడు. సలహాకు రుసుము చెల్లించే అలవాటు పెద్ద నగరాల ఏజెన్సీల్లో ఉంది, మండల కేంద్రంలో లేదు. అక్కడ దాన్ని ఎలా మొదలుపెట్టాలన్నది గార్లండ్ ప్రకటన నుంచి ఇటీవలి మార్గదర్శకాల వరకు ఏదీ పట్టించుకోని విషయం.